పుంగనూరులో తగ్గిన నొప్పి

అది కిందటి ఏడాది నవంబరు పద్నాలుగు. ఆ రాత్రి మనోహర్ ఇంట్లో రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి. కూతురు సింధు రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు నెట్టింది. పొద్దున బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి సాయంత్రానికి కుడివైపు కిందికి దిగింది.

"అత్తగారింటి కూడు గుర్తొచ్చిందేమో, మన సంగటి దిగడంల్యా" అన్నాడు మనోహర్. సింధుకు పెండ్లి ప్రధానం జరిగి వారమే అయింది.

"నవ్వించొద్దు నాయనా, నవ్వితే పొడుస్తాండాది."

మదనపల్లెలో వాళ్ల ఇల్లు ఒక మిషన్ ఆసుపత్రి గోడకు ఆనుకునే ఉంది. మనోహర్ పుట్టింది కూడా అక్కడే. అయినా అక్కడికి పోదామని అతను ఎన్నిసార్లు అన్నా సింధు తల్లి ఎలిజబెత్ ఒప్పుకోలేదు.

"ఆడ చీటీ రాసే పిల్లకాన్నుంచి నర్సమ్మల దాకా అందరూ మన చర్చోళ్లే. పెండ్లికొడుకు చిన్నమ్మా ఆడే పనిచేస్తాది. ప్రధానమైన పిల్ల కడుపునొప్పని పోయి పండుకుంటే ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు?"

"నీకు తెలీదా!"

మనోహర్‌కు తెలుసు. అందుకే ఊరుకున్నాడు.

సింధు మూలుగు వీధిలోకి వినబడకుండా ఎలిజబెత్ తలుపు వేసి గడియ పెట్టింది. కాసేపటికి పక్కింట్లో బట్టలు కుట్టే నూరున్నీసా వచ్చి తట్టింది. "ఏమక్కా, బిడ్డ ఏడస్తాండాది? మా పిల్లోడు జాహిద్ ఆటో వాకిట్లోనే ఉండాది."

"ఏంలే, పన్నునొప్పి" అంది ఎలిజబెత్, తలుపు సగమే తెరిచి.

తెల్లవారేసరికి నొప్పి ఇంకా పెరిగింది. కుప్పంలో ఎలిజబెత్ అక్క ఉంది. అక్కడైతే ఆమె తప్ప తమను ఎరిగినవాళ్లు లేరు. ఆసుపత్రి గేటు ముందు నుంచే నడిచి వెళ్లి ముగ్గురూ బస్సెక్కారు. గుంత వచ్చినప్పుడల్లా సింధు చున్నీ కొరుక్కుంది.

పుంగనూరు బస్టాండులో ఉన్నట్టుండి ఆ పిల్ల మొహం తేటపడింది. "అమ్మా, తగ్గిపోయె! బన్ను తీసీవా?"

ఎలిజబెత్ కళ్లు మూసుకుని ప్రభువును స్తుతించింది. "సూస్తివా, ఆసుపత్రీ ఆసుపత్రీ అని పానం తీస్తివి" అని మొగుణ్ని దెప్పింది. మనోహర్ టీ, బన్ను తెచ్చాడు. సింధు కొంచెం తిని, తల్లి ఒడిలో తల పెట్టి నిద్రపోయింది. ఆ పిల్లకు దక్కిన దయ ఆ నిద్ర ఒక్కటే.

కుప్పం చేరిన సాయంత్రానికి చలిజ్వరం వచ్చింది. కడుపు చెక్కలా బిగిసింది. అక్కడి ఆసుపత్రిలో డాక్టర్ కుసుమ ఆపరేషన్ చేసి బయటికి వచ్చింది.

"అది నొప్పి తగ్గడం కాదప్పా, లోపల అపెండిక్స్ పగిలింది. పగిలినప్పుడు కాసేపు సుఖంగానే ఉంటాది. ఆ తర్వాత చీము కడుపంతా పాకుతాది. నిన్ననే వచ్చింటే చిన్న ఆపరేషన్."

మూడోనాడు సింధు చనిపోయింది.

ఈ శస్త్రచికిత్స మనకు నిన్న మొన్న తెలిసింది కాదు. దాదాపు మూడు వందల ఏళ్ల కిందట, మత్తుమందు లేని కాలంలో, లండన్‌లో ఒక పదకొండేళ్ల పిల్లవాడికి అపెండిక్స్ తీశారు. వాడు బతికాడు. అయినా ఆ తర్వాత నూట యాభై ఏళ్లపాటు వైద్యులే నల్లమందు ఇచ్చి, విరేచనాలు చేయించి, కనిపెట్టుకుని కూర్చున్నారు. ఆలస్యమే చంపుతోందని ఎన్నో చావులు చూశాక నేర్చుకున్నారు. 1902లో ఇంగ్లండు రాజుకు పట్టాభిషేకం రెండు రోజులుందనగా ఇదే జబ్బు ముదిరింది. దేశదేశాల అతిథులు వచ్చి ఉన్నారు. ఉత్సవం ఆపి, రాజభవనంలోనే కోత కోశారు; రాజు బతికాడు. కడుపునొప్పితో పడుకున్న రాజును లోకం అనుమానించలేదు. పెళ్లికాని పిల్ల కడుపునొప్పినే మనం ఈనాటికీ అనుమానంగా చూస్తాం.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం నూరున్నీసా గంజి తెచ్చింది.

"పన్నునొప్పని నీకు అబద్ధం చెప్తిని" అంది ఎలిజబెత్. "మీరంతా ఏమనుకుంటారో అని."

నూరున్నీసా గంజి గ్లాసులో పోసి ఆమె చేతికిచ్చింది. "ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదక్కా. నేను అనుకున్నది ఒకటే. బిడ్డ అంత ఏడస్తాంటే ఈళ్లు యాల ఆసుపత్రికి తీసకపోలేదు అని."

ఎలిజబెత్ గ్లాసు కింద పెట్టేసింది. నూరున్నీసా ఆ గ్లాసు తీసుకుని, గంజి గుక్క గుక్కగా తాగించింది. ఆమె పడుకున్నాక దుప్పటి సరిచేసి, బయటికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.