మూసేవాళ్లు కావలెను

బ్యాకప్ చూసుకునే ఆవిడను ఆ డ్రాయింగుల ఆఫీసులో అందరూ పెట్టె అక్క అంటారు. ఎవరు ఏం గీసినా గంటగంటకూ దాని నకలు ఆమె కాపాడే సర్వర్‌లో పడుతుంది. పడుతుంది గానీ, గీసినవాళ్లకే అది కనబడదు. ఫైలు పోయిందంటే ఫారం నింపాలి, పెద్దసారు సంతకం పెట్టాలి, అప్పుడు అక్క తీసివ్వాలి. ఎవరి కష్టానికి ఎవరి కాపలా అని అక్కకు ఏళ్ల తరబడి ఒళ్లు మండుతూనే ఉంది.

ఆ ఉదయం వంతెన డ్రాయింగ్ గీసే అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. కొత్త పనికి డ్రాయింగ్ చుట్టూ ఉండే చట్రం మళ్లీ గీయక్కర్లేదని వంతెన ఫైలే తెరిచి, లోపలిదంతా చెరిపి, పేరు మార్చడం మరిచిపోయి సేవ్ కొట్టేసింది. అక్కడ అందరూ చేసే పనే అది. పోయింది నాలుగు నెలల కష్టం. మధ్యాహ్నంలోగా పంపాలి. పెద్దసారేమో ఫోనెత్తడు.

"నా ఉద్యోగం పోయినట్టే అక్కా."

"ఊరుకో. పోతే నాది పోనీ. కూర్చో."

అక్క ఆ ఒక్క ఫైలూ తీసిచ్చి ఊరుకోలేదు. బ్యాకప్ మొత్తాన్ని అందరి కంప్యూటర్లలో ఒక ఫోల్డర్‌గా తెరిచేసింది. ఎవరి పని వాళ్లు చూసుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు. చెరపడం మాత్రం ఎవరి తరమూ కాదు. అమ్మాయి నిన్నటి వంతెనను తనే వెతికి తీసుకుని, పన్నెండింటికల్లా పంపేసింది.

రెండింటికి పెద్దసారు ఊడిపడ్డాడు.

"ఎవర్నడిగి తెరిచావమ్మా? ఎవడైనా అంతా చెరిపేస్తే?"

"మీరే చెరిపి చూడండి సార్."

ఆయన డిలీట్ నొక్కాడు. కుదరదంది. గట్టిగా నొక్కితే లొంగుతుందనుకున్నాడు కాబోలు, మళ్లీ నొక్కాడు.

"ఏదైతేనేం, సంతకం లేకుండా తప్పు. వెంటనే మూసెయ్."

అక్కది పద్దెనిమిదేళ్ల ఉద్యోగం మరి. అయినా పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఆయన ముందు పెట్టింది.

"నా చేత్తో మూయను సార్. మీరు మూసుకోండి."

ఆ పాస్‌వర్డ్ ఎక్కడ కొట్టాలో ఆయనకు తెలిస్తేగా! నెట్‌వర్క్ చూసే అన్న వైపు చీటీ చాపాడు.

"నాకు రాదు సార్," అన్నాడు అన్న. అక్కకు సగం పని నేర్పింది అతనే.

ఎవరూ అడక్కుండానే వంతెన అమ్మాయి లేచి నిలబడింది. "నాకూ రాదు సార్."

వెనక నుంచి ఇంకో గొంతు, ఆ వెనక మరొకటి. పెద్దసారు చీటీ జేబులో పెట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు. ఆ ఫోల్డర్‌ను మూసే మనిషి ఆ ఆఫీసులో ఇప్పటికీ దొరకలేదు.