నీలి పాదాల గురువారం

నలభై రోజుల చెరలో ముప్పై ఒకటి గడిచాయి. వాల్‌మోరా రాణి వియొలాంత్ తల నుంచి కాలి దాకా తెల్లబట్టలు కట్టుకుని, కిటికీలన్నిటికీ నల్ల తెరలు దించిన గదిలో, పట్టపగలు కొవ్వొత్తి వెలుగున శనగల పులుసు తింటోంది. రాజు పోతే రాణికి ఇదే ఆచారం. కడుపులో ఇంకో వారసుడు ఉన్నాడో లేడో తేలేదాకా నలభై రోజులు గడప దాటకూడదు. ఆ తలుపు తాళం బిషప్పు దగ్గరుంటుంది.

కడుపులో ఏమీ లేదని రెండో వారానికే తేలిపోయింది. ఆ మాట చెప్పి పంపినా మరిది బెరెంగేర్ డ్యూకు తలుపు తీయనివ్వలేదు. "ఆచారం ఆచారమే వదినగారూ" అని తీపిగా కబురంపాడు. ఐదేళ్ళ ఆర్నౌని, అంటే ఇప్పటి రాజుని, తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడు. భర్త పోయిన దుఃఖం ఆమె ఎలాగో మింగింది. పిల్లవాడి గొంతు వినక నెల దాటిందన్నది మాత్రం మింగుడుపడలేదు.

డ్యూకు పట్టుదలకు కారణం ఉంది. రాజు చనిపోయిన ఏడాది, ఈస్టరుకు ముందొచ్చే పవిత్ర గురువారం నాడు పన్నెండు మంది పేదల పాదాలు ఎవరు కడుగుతారో, సభ పెద్దలందరూ వాళ్ళ తడి చేతిని ముద్దాడతారు. ముద్దాడారంటే ఇక రాజ్యం, రాజముద్ర, పిల్లరాజు, అన్నీ ఆ చేతికే. ఆ గురువారం ఇవాళే. ఇది దాటితే ఆర్నౌ పినతండ్రి సొత్తు. తల్లికి ఏదో ఒక కన్యాస్త్రీల మఠం రాసిపెట్టి ఉంది.

"ఇంత నిబ్బరంగా ఎలా తింటున్నావు తల్లీ?" అంది దాది సంచా. పెళ్ళినాడు కంచరగాడిద మీద కనుమ దాటి రాణితో పాటే వచ్చిన మనిషి. "నాకు మెతుకు దిగట్లేదు."

"ఉప్పు తక్కువైంది గానీ బాగానే ఉంది. నువ్వూ తిను. సాయంత్రం మనకు పనుంది."

"గదిలో కూర్చుని ఏం పని?"

వియొలాంత్ నవ్వి గిన్నె ఆమె వైపు జరిపింది. పది రోజుల కిందట డ్యూకే ఒక ఖాళీ కాగితం పంపాడు. పాదాలు కడిగించుకునే పేదలను ఎంచే హక్కు రాణిది. ఆమె ముద్ర లేనిదే దానాధికారి ఫాదర్ మిరో ఎవరినీ లోపలికి రానివ్వడు. "పన్నెండు పేర్లు వదినగారినే రాయమనండి, ఆవిడకీ కాస్త పొద్దుపోతుంది" అన్నాడట. రాణి రాసింది, ముద్ర వేసింది. ఆదివారం మట్టలపండుగ పూజలో ఫాదర్ మిరో ఆ పేర్లు ఊరందరికీ చదివి వినిపించాడు. డ్యూకు ఆ రోజు వేటలో ఉన్నాడు.

గది గోడకు ఒకచోట చెక్క జాలీ ఉంది. దాని కిందే కోటలోని చర్చి. సాయంత్రం గంట మోగగానే వియొలాంత్ లేచి జాలీకి కళ్ళు ఆనించింది. డ్యూకు నడుముకి తువ్వాలు బిగించుకుని, నౌకరు చేత వెండి పళ్ళెం పట్టించుకుని వచ్చాడు. వచ్చినవాడు ఠక్కున ఆగిపోయాడు.

బల్ల మీద వరసగా పన్నెండు మంది ముసలి విధవలు కూర్చుని ఉన్నారు. అందరూ అద్దకం వాళ్ళే. ఏళ్ళ తరబడి నీలిరంగు తొట్లలో తొక్కి తొక్కి వాళ్ళ పాదాలు ఏ సబ్బుకూ లొంగని నీలం అయిపోయాయి.

"వీళ్ళేంటి? మగాళ్ళేరీ?" అన్నాడు డ్యూకు.

"జాబితాలో ఉన్నది వీళ్ళే ప్రభూ" అన్నాడు ఫాదర్ మిరో.

రాజు మగవాళ్ళ పాదాలు, రాణి ఆడవాళ్ళ పాదాలు కడగడం ఆ దేశంలో తాతల నాటి రివాజు. డ్యూకు పళ్ళు కొరికి, "పాదాలు పాదాలే, కానివ్వండి" అంటూ మొదటి ముసలామె ముందు వంగాడు. ఆమె పేరు గలియానా. ఆమె నోటికి అద్దకం వీధంతా హడలు. కాళ్ళు చటుక్కున లంగా కిందికి లాక్కుంది.

"నా మొగుడు పోయి ఇరవై ఏళ్ళయింది దొరా. ఆయన తప్ప నా మేజోడు ఇంకో మగాడు ఇప్పలేదు. ఈ వయసులో, అదీ గుళ్ళో, మొదలెట్టమంటావా?"

చర్చి అంతా ఘొల్లున నవ్వింది. డ్యూకు మొహం కందగడ్డ అయింది.

"వీళ్ళని తీసేసి మగాళ్ళని పట్టుకురండి!"

"జాబితా మార్చాలంటే రాణిగారి ముద్ర కావాలి" అన్నాడు ఫాదర్ మిరో వినయంగా. "పొద్దు వాలిందంటే ఈ యేటికి కడగడం లేనట్టే."

పెద్దలు బిషప్పు వైపు చూశారు. బిషప్పు ఒలెగేర్ నిట్టూర్చి మెట్లెక్కాడు. తలుపు అవతల ఆయన ఆయాసం వినిపించింది.

"రాణీగారూ, తమరు దిగి రావాలి."

"నాకింకా తొమ్మిది రోజులున్నాయి కదండీ. ఆచారం ఆచారమే."

"అమ్మా, జనం చూస్తున్నారు!"

"వస్తాను. వచ్చాక మళ్ళీ ఈ గదిలోకి రాను. ఒప్పుకుంటేనే తాళం తీయండి."

తాళం తిరిగింది. సంచా ఏడుస్తూనే ఆమె అంగీ చేతులు మోచేతుల దాకా మడిచింది.

పగటి వెలుగుకు కళ్ళు చికిలించుకుంటూనే వియొలాంత్ నేరుగా గలియానా ముందు మోకరిల్లింది. పెళ్ళయిన ఏడాది అత్తగారు చెప్పిన మాట చేతులకు గుర్తుంది. మడమ కింద చెయ్యి పెట్టాలి, వేళ్ళు పట్టుకోకూడదు, గిలిగింతలు పుడతాయి. పన్నెండేళ్ళుగా ఆమె చేస్తున్న పనే. ఒక్కొక్క నీలి పాదం కడిగి, తుడిచి, ముద్దుపెట్టుకుంది. ఎక్కడా తడబడలేదు.

పన్నెండో పాదాల జత అయ్యేసరికి పెద్దల నడుమ కూర్చోబెట్టిన ఎత్తు కుర్చీ మీంచి ఆర్నౌ జారి దిగాడు. తెల్లబట్టల్లో, పాలిపోయిన ముఖంతో ఉన్న ఆమెను చూసి ఒక్క అడుగు దూరంలో ఆగాడు. ఒక కాలికి మేజోడు లేదు. మడమ మీద బొబ్బ. ముప్పై ఒక్క రోజులు ఎవరూ చూసుకోలేదని తల్లికి అది చూడగానే తెలిసిపోయింది.

"నావి కూడా కడుగుతావా అమ్మా?"

"రాజు పాదాలు పేదల వరసలోనా!" అని డ్యూకు అరిచాడు.

"నెలరోజులు తల్లి మొహం చూడనోడు నాకన్నా పేదోడే దొరా" అంది గలియానా, పక్కకు జరిగి చోటిస్తూ.

పిల్లవాడి పాదాలు కడుగుతుంటే అంతవరకూ ఆపుకున్న కన్నీళ్ళు పళ్ళెంలో పడ్డాయి. ఆమె దాచుకోలేదు. లేచి, తుడుచుకోకుండానే కుడిచేయి చాచింది. పెద్దలు ఒక్కొక్కరే వచ్చి మోకరిల్లి ముద్దాడారు. చివరికి డ్యూకు వంతు వచ్చింది.

"రా మరిదీ, నీళ్ళు చల్లారిపోతున్నాయి" అంది రాణి.

అతను వంగి ముద్దాడాడు. ఆ తడి మీసానికి అంటుకుంది. జనమంతా చూస్తుండగా తుడుచుకోవడానికి అతని చెయ్యి లేవలేదు.