రంగూన్ సానరాయి

నేను ఒక సానరాయిని. పుట్టింది బర్మాలో, ఐరావతి ఒడ్డున. "మా హ్లా" అనే పేరుగల అమ్మాయి నా మీద చెట్టు బెరడు అరగదీసి, ఆ లేతపసుపు ముద్దను రోజూ బుగ్గలకు పూసుకునేది. అక్కడి ఆడవాళ్ళందరికీ అదే అలంకారం.

రంగూన్ బియ్యం మిల్లులో పనికి వచ్చిన అప్పలస్వామిని ఆమె పెళ్ళాడింది. యుద్ధంలో బాంబులు పడుతుంటే ఇద్దరూ ఓడెక్కి విశాఖపట్నం చేరారు. పట్టుచీరలు వదిలేసి రాయిని మోసుకొచ్చినందుకు మొగుడు దారంతా సణిగాడు.

అత్తగారికి "మా హ్లా" అన్న పేరు నోరు తిరగలేదు. "మాలచ్చి" అని మార్చేసి, కోడలు తమదైపోయిందని తృప్తిపడింది. వీధి మాత్రం "సీనాది" అనే అంది. బర్మాకూ చైనాకూ తేడా తెలియనివాళ్ళు ఆమె ముక్కు గురించి మాత్రం మహా పండితులు. మా హ్లా ఓ రోజు వెలగచెట్టు బెరడు తెచ్చి నా మీద అరగదీసింది. అదే వాసన! ఆమె ఏడవగా నేను చూసింది ఆ ఒక్కరోజే.

కూతురు పైడమ్మకు తల్లి కళ్ళే వచ్చాయి, వాటితోపాటు బడిలో వెక్కిరింపులూ వచ్చాయి. తల్లి పోగానే ఆమె నన్ను శుభ్రంగా కడిగి, గంధం అరగదీసి, "సింహాచలంలో కొన్నాం" అని ఊరంతా చెప్పింది. అలా ముసలితనంలో నేను అప్పన్న భక్తుణ్ణయ్యాను.

పైడమ్మ కూతురు రోహిణికి పెళ్ళిచూపులు జరిగాయి. పెళ్ళికొడుకు మేనత్త పిల్లను ఎగాదిగా చూసింది.

"రంగు బంగారంలాగుంది. కళ్ళే కూసింత సిన్నవి. ఎవురి పోలికమ్మా?"

"రాత్రి నిద్ర సాల్లేదండి," అంది పైడమ్మ కంగారుగా.

"మా అమ్మమ్మ పోలికండి. ఆవిడది బర్మా," అంది రోహిణి.

మేనత్త చేతిలో జంతిక నోటిదాకా వెళ్ళలేదు. "కబురెడతాం" అంటూ అందరూ లేచారు. గుమ్మం దాటుతూ ఆవిడే వెనక్కి తిరిగింది. "అవునుగానమ్మా, ఆ రంగు రావడానికి మొకానికి ఏటి రాత్తారేటి?"

వాళ్ళటు వెళ్ళగానే పైడమ్మ కూతురి మీద విరుచుకుపడింది. "బతుకంతా దాసుకొచ్చినాను! ఒక్క మాటతో బయటెట్టేసినావు కదే!"

"ఏం దాచావమ్మా? మొహాన్నా?"

పైడమ్మ గోడ మీది అద్దం వైపు చూసింది. చాలాసేపు చూసింది.

కబురు రాలేదు. ఒక ఉదయం పైడమ్మే వెలగ బెరడు తెచ్చుకుని నా ముందు కూర్చుంది. ఆ బెరడు ఎన్నడూ అరగదీసి ఎరగదు; అయినా చెయ్యి అచ్చం తల్లి చెయ్యిలాగే తిరిగింది. బుగ్గల నిండా పూసుకుని, బిందె తీసుకుని గుమ్మం ఎదుటి కుళాయికి వెళ్ళింది.

"ఏటే పైడమ్మా, పసుపేటి?" అని పక్కింటావిడ అడిగింది.

"కాదొదినా." పైడమ్మ బిందె కింద పెట్టింది. "మాయమ్మ రాసుకునీది. మాయమ్మ బర్మాది."

"మాకు తెల్దేటే? నువ్వెప్పుడు సెప్తావోనని సూస్తన్నాం," అంది పక్కింటావిడ.