రెండు ముంజేతులు

తబితాకు ఒళ్లు మండిపోయింది. తమ్ముడు దయానందం ఎడమ మోచెయ్యి బూరెలా పొంగి ఉంది. షాలిమార్ రైల్వే క్వార్టర్లలో ఫిజియోథెరపీ చదివిన మనిషి తనొక్కతే. తన ఇంట్లోనే ఈ వైభోగం!

"ఏటయిందిరా?"

"ఘోషాల్ దాదా రెండు చేతులూ ప్రొనేట్ చెయ్యమన్నాడప్పా. అదే చేస్తన్నాను."

ప్రొనేట్ అంటే అరచెయ్యి నేలను చూసేలా ముంజేతిని తిప్పడం. ఆకాశాన్ని చూసేలా తిప్పితే సుపినేట్. గోల్ఫ్ కర్ర బంతిని కొట్టి ముందుకు సాగేటప్పుడు కుడి ముంజెయ్యి ప్రొనేట్ అవుతుంది, ఎడమది సుపినేట్ అవుతుంది. అప్పుడే రెండూ కలిసి ఒకే పక్కకు తిరుగుతాయి. రెండింటినీ ప్రొనేట్ చెయ్యమనడం తడిబట్ట పిండమనడమే. గోల్ఫ్ క్లబ్బుకు కోచ్ అన్నవాడికి ఆ మాత్రం తెలియొద్దూ?

"నొప్పెడతందని చెప్పలేకపోయావా?"

"ఎదురు చెప్తే సోమవారం పోద్దప్పా."

దయానందం ఆ క్లబ్బులో కేడీ, సభ్యుల గోల్ఫ్ సంచులు మోస్తాడు. క్లబ్బుకు సెలవైన సోమవారం నాడే కేడీలను మైదానంలో ఆడనిస్తారు. అందులోనూ ఎవరు ఆడాలో ఘోషాల్ ఇష్టం. దయానందం ఆటగాడు కావాలంటే ఆ సోమవారాలే దిక్కు. ఊరంతా శ్రామికుల ప్రభుత్వమంటూ ఎర్రజెండాలు, ఆ గేటు దాటితే దొరల రాజ్యం!

మర్నాడు పొద్దున్నే తమ్ముణ్ణి లాక్కుని క్లబ్బుకు వెళ్లింది. కేడీలందరి ముందూ ఘోషాల్ చేతికే కర్ర ఇచ్చింది.

"రెండు చేతులూ ప్రొనేట్ చేసి మీరే కొట్టండి దాదా."

ఘోషాల్ తిప్పబోయాడు. మోచేతులు ఒకదాన్నొకటి తన్నుకున్నాయి, కర్ర మధ్యలో బిగుసుకుపోయింది. కేడీలు కిసుక్కున నవ్వారు. ఘోషాల్ మొహం కందగడ్డయింది. అతను తబితాను చూడలేదు, దయానందాన్ని చూశాడు.

"నేను రెండు చేతులూ అన్నానా?"

"చెప్పరా!" అంది తబితా.

దయానందం తల వంచుకున్నాడు. "నేదు దాదా. మీరు కుడిచెయ్యే అన్నారు. నేనే తప్పు చేసీసినాను."

"సోమవారం రా," అన్నాడు ఘోషాల్, భుజం తట్టి.

గేటు దగ్గర తబితా విరుచుకుపడింది. "నీ నోరు పడిపోయిందా? నీ కోసమే కదరా అరిసినాను!"

"నువ్వు అరిసీసి ఎల్లిపోతావప్పా. నాను రేపూ ఇక్కడే సంచి మొయ్యాల."

తబితాకు ఘోషాల్ మీద కోపం ఆవగింజంత కూడా తగ్గలేదు. కానీ తమ్ముడి చేత అందరి ముందూ ఆ అబద్ధం ఆడించింది ఘోషాల్ ఒక్కడే కాదు.