సిలబస్‌లో లేని తిండి

పాలు పట్టాలేమో, దూది తడిపి మూతికి అద్దితే నాకుతాయేమో, దూది అనుకోగానే ముక్కుకి క్లోరోఫాం వాసన వచ్చేసింది, ఇంట్లో క్లోరోఫాం ఎక్కడిది నా మొహం, ఇరవై ఆరేళ్ళుగా కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరుగా పట్టుకున్న దూది కదా, చేతికి అంటుకుపోయింది, కప్పకి ఇంత దూది, తొండకి ఇంత దూది అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను, బతికున్న తొండకి ఏం పెట్టాలో మాత్రం తెలియదు, గుడ్లలోంచి బయటపడి ఇవాళ్టికి మూడు రోజులు, నాలుగంటే నాలుగే పిల్లలు, ఒక్కోటి నా చిటికెన వేలంత, అందులోనూ సగం తోకే, పచ్చసొన ఆవగింజంత చేసి పెట్టాను, ముట్టలేదు, మెతుకు పెట్టాను, తొక్కుకుంటూ పోయాయి, మూతలో పోసిన నీళ్ళు చూడనైనా చూడలేదు గానీ మందారాకు మీద చిలకరిస్తే చుక్కలు నాకాయి, అంటే బతకాలనే ఉంది వాటికి, నాకే చేతకావడం లేదు, పెద్దవి మూడూ ఎండ పడ్డచోటికి జరిగాయి, చిన్నది మాత్రం పొద్దున్న ఎక్కడ ఉందో అక్కడే, కళ్ళు సగం మూసుకుని, మెడ దగ్గర చర్మం ముడతలు పడి, మా అమ్మాయి హేమశ్రీ పుట్టినప్పుడు ఇలాగే నాకు మూడు రోజులు పాలు పడక, పిల్ల ఏడ్చి ఏడ్చి చివరికి ఏడుపు కూడా మానేస్తే మా అత్తగారు తేనె వేలికి రాసి నాకించారు, ఆ మౌనమే ఇప్పుడు దీని దగ్గర కనిపిస్తోంది, అందుకే నాకు భయంగా ఉంది.

వీటి తల్లిని పట్టుకున్నది నేనే, ఆషాఢంలో దుర్గాశ్రీ మేడం డిగ్రీ పిల్లలకి కోసి చూపించాలంటే, కొవ్వూరు గట్టు మీద కంచె దగ్గర కొబ్బరి ఈనె చివర దారంతో ఉచ్చు వేసి పట్టాను, లావుగా ఉంది, వానలకి పురుగూ పుట్రా బాగా తిన్నదేమో అనుకున్నాను, ఒక పిల్లని కన్నదాన్ని, ఆపాటి పోల్చుకోలేకపోయాను, మైనం పోసిన ట్రేలో వెల్లకిలా పెట్టి నాలుగు కాళ్ళకీ గుండుసూదులు గుచ్చింది కూడా నేనే, మేడం కత్తెరతో పొట్ట విప్పగానే గుడ్లు, రెండు వరసలుగా, తెల్లగా, చిక్కుడు గింజల్లా, ఆడపిల్లలు ఛీ అన్నారు, ఒకమ్మాయి మాత్రం గుండె ఇంకా కొట్టుకుంటోంది మేడం అంది, కొట్టుకుంటుంది, కోశాక కూడా కాసేపు కొట్టుకుంటుంది, అది చూపించడానికే కదా కొయ్యడం, ఫార్మలిన్ సీసా పట్రా మాణిక్యాంబా, మ్యూజియంకి మంచి స్పెసిమెన్ అన్నారు మేడం, ఫార్మలిన్ అయిపోయిందండి అన్నాను, నా వెనక బీరువాలో నిండు సీసా ఉంది, ఆ అబద్ధం ఎందుకు ఆడానో ఇప్పటికీ తెలియదు, గుడ్లని తడిగుడ్డలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని రైలెక్కి వంతెన దాటుతుంటే డబ్బా ఒళ్ళోనే పెట్టుకున్నాను, చామంతి కుండీలో పాతిపెట్టాను, పదకొండు గుడ్లు, ఏడు మెత్తబడి బూజు పట్టాయి, చవితి వెళ్ళిన మూడోనాడు మట్టి కదిలింది.

ఏమేవ్, నీ మనవలకి బారసాల ఎప్పుడు, ఊళ్ళో వాళ్ళని పిలవాలి కదా అంటున్నారు మా ఆయన తాతాజీ, కాలవ లాకుల దగ్గర డ్యూటీ దిగి వచ్చి వీధరుగు మీద అన్నం కంచం పెట్టుకుని, మీకు వేళాకోళంగానే ఉంటుందండి, చిన్నది చచ్చిపోయేలా ఉంది అంటే, తింటున్న చెయ్యి ఆపి, మీ మేడం గారిని అడక్కపోయావా అన్నారు, అడగకేం, నిన్న స్టాఫ్ రూములో అడిగాను, అది సిలబస్‌లో లేదు మాణిక్యాంబా అని ఆవిడే నవ్వేసి, కీటకాహారి అని రాయిస్తాం కదా, పురుగులు పెట్టి చూడు అన్నారు, నాకు చెంపదెబ్బ కొట్టినట్టయింది, ఎందుకంటే అది నాకు తెలుసు, అందరికంటే నాకే తెలుసు, జీర్ణాశయం విప్పి చూపించాక లోపలి నల్లటి ముద్ద కుళాయి కింద కడిగేది నేనే, చీమ కాళ్ళు, మిడత రెక్కలు, ఇన్నేళ్ళు నీళ్ళలో వదిలేశాను, అది ఒకరు తిన్న అన్నమని అనుకోనే లేదు, అందుకే ఇవాళ పొద్దున్నే పేపరు మడిచి ఆరు ఈగల్ని కొట్టాను, రెక్కలు తీసి, వరసగా పేర్చి పెట్టాను, ప్రాక్టికల్ పరీక్షకి సర్దినట్టు, ఒక్కటీ తినలేదు, వాటికి అవి కనిపించనైనా లేదు.

ట్రే మార్చాలి, ఇప్పుడు చూస్తున్నాను, ల్యాబులో పనికిరాదని పారేస్తే ఇంటికి తెచ్చుకున్న పాత ట్రే, మైనంలో నాలుగు మూలలా గుండుసూదుల చిల్లులు, చిన్నది సరిగ్గా వాటి మధ్యనే పడుకుని ఉంది, అయ్యో, నా చేతులు ఎంత అలవాటు పడిపోయాయి, బట్టలు తడిపే బేసిన్ కడిగి తుడిచి, పొడి ఇసక పోసి, మందారాకులతో సహా ఒక్కొక్కదాన్నీ ఎత్తి అందులో పెట్టాను, ఎండలో, పాత దోమతెర ముక్క కప్పబోయి ఆగాను, పచ్చసొన అంటుకున్న ఆకు వెంట చిన్న నల్లచీమ ఒకటి వచ్చేసింది, పిల్లల్ని కుడుతుందేమోనని చెయ్యి చాచాను, నలిపేద్దామని, వేలు గాల్లో ఉండగానే చిన్నది కళ్ళు తెరిచింది, తల ఒక పక్కకి వంచింది, చీమ నడిచింది, తల దానితో పాటు తిరిగింది, టక్, చీమ లేదు, ఏవండీ తింది, తిందండి అని కేక పెడితే మా ఆయన ఎంగిలి చేత్తోనే వచ్చి వంగి చూసి, ఏంటే, ఏడుస్తున్నావా అన్నారు, అవునండి ఏడుస్తున్నాను, చంపి పెట్టాను కదా ఇన్నాళ్ళూ, కదలకుండా చేసి గానీ దేన్నీ చూడని చేతులు కదా ఇవి, వీటికి కదిలేదే అన్నమట, మా ఆయన వెళ్ళి గడప పక్క చీమల బారు దగ్గర కొబ్బరాకు ముక్క పెట్టి, నాలుగు ఎక్కాక మెల్లగా తెచ్చి బేసిన్‌లో దులిపారు, మిగతా మూడు పిల్లలూ వాటి వెంట పరిగెత్తాయి, ఒక చీమ నా వేలెక్కింది, నేను చెయ్యి కదపలేదు, చిన్నది దాని వెనకే ఇసకలోంచి నా వేలి మీదకి ఎక్కి, చీమని అందుకుని, దిగకుండా అక్కడే కూర్చుంది, వెచ్చగా, దాని పొట్ట నా వేలికి ఆనుకుని ఉంది, లోపల టుకుటుకుమంటోంది, ఇరవై ఆరేళ్ళు ఎంతమంది పిల్లలకి చూపించానో ఈ గుండెని, కొయ్యకుండా కూడా అది తెలుస్తుందని నాకు ఇవాళే తెలిసింది.