రెండు మొగముల అడ్డుతెర

వసంతము పండి గ్రీష్మమునకుఁ దావిచ్చు వైశాఖమాసమున లవణగంధబంధురములగు సముద్రవాయువులు గౌతమీముఖమునుండి వీతెంచి కోరంగిరేవున లంగరు దించిన యోడల పతాకములను గదలించుచు వీథివీథిని వేసిన పెండ్లిపందిళ్ల పచ్చనాకులను గలగలలాడించుచుండెను. అట్టి సాయంసమయమున నౌకావర్తకుఁడగు కోనయశెట్టి యింటి చావడిలో నాతని యిల్లాలు పేరిందేవి పట్టుదారముల నడుమఁ గూర్చుండి తలయెత్తక కుట్టుచుండెను. తెల్లవాఱిన నామె చెల్లెలి కూఁతురు నాంచారికిఁ బెండ్లి. అడ్డుతెర నేనే కుట్టి యిత్తునని పేరిందేవి మాట యిచ్చియుండెను.

సుముహూర్తమున వధూవరుల నడుమఁ బట్టెడు నా వస్త్రమునకుఁ దరతరములుగ నొక మొగమే యుండెను. చిలుకలును పూలతీఁగెలును గల మొగమును వరునివైపునకుఁ ద్రిప్పుదురు. ముళ్లును దారపుఁగొసలును గల వెనుకవైపు వధువునకు మిగులును. ఇది శాస్త్రమా యని యడిగినవారు లేరు, అడిగినఁ జెప్పఁగలవారును లేరు. తన పెండ్లినాఁడు పేరిందేవి చూచినవి యా ముళ్లే. నాఁడు చిన్నఁబోయిన మనసు పిమ్మట నెన్నఁడును దేఱుకొనలేదు.

పిదప భర్తతోడ నోడ యెక్కి యామె ద్వీపద్వీపాంతరములు దిరిగెను. పారసీకతీరమునఁ దివాసులలో నల్లిన యుద్యానవనములఁ గాంచి యెఱుపు ప్రక్క నీలమును నిలుపు నేర్పు గ్రహించెను. మలకరేవున మైనము పూసి రంగు లద్దిన వస్త్రములఁ జూచి వంపుగీఁతల సొంపు నెఱిఁగెను. ఐనను నామె వెదకుచుండినది చీనాదేశపు రేవులో నొక వాకిటఁ గానవచ్చెను. అచట నొక వృద్ధాంగన పలుచని పట్టుపైఁ జేపను గుట్టుచుండెను. పేరిందేవి యలవాటుచొప్పున ముళ్లు చూడవలెనని వస్త్రమును వెనుకకుఁ ద్రిప్పెను. అటును జేపయే. తెల్లఁబోయిన యిల్లాలిని జూచి ముసలమ్మ పకపక నవ్వి, ఒకరి పలుకు లొకరికిఁ దెలియకున్నను చేయి పట్టుకొని, దారపుఁగొసను ముడివేయక తరువాతి కుట్ల క్రిందికిఁ జొనిపి దాఁచు విధమును ఓడ కదలునందాఁక నేర్పెను. ప్రతిఫలమేమియుఁ గోరలేదు.

ఆ విద్యయే యిపుడు తెరపై సాగుచుండెను.

"రెండువైపులఁ గుట్టుట శ్రమ గదా యక్కా. పెండ్లికూఁతురు తలవంచుకొని కూర్చుండును, ఎవ్వరు చూతురు?" అని చెల్లెలు తిరుమలాంబ యడిగెను.

"నేను తలవంచుకొనియే చూచితినమ్మా" అని పేరిందేవి సూదిలో మఱల దారమెక్కించెను.

మఱునాఁడు పందిటఁ బురోహితుఁడు తెరను జేతఁగొని ముందునకును వెనుకకును ద్రిప్పి త్రిప్పి "అమ్మా, దీని మొగ మెటువైపు?" అనెను.

"రెండును మొగములే స్వామీ. ఎటు పట్టినను నపచారము లేదు" అని పేరిందేవి బదులు పలికెను.

వరుని మేనమామ యాచారము తప్పెనని గొణిఁగెను. పురోహితుఁడు మాత్రము "వరునివైపు మొగమే యున్నది, ఇఁక లోపమేమి?" యని నవ్వి తెర పట్టించెను. మంగళవాద్యములు మ్రోఁగెను, జీలకఱ్ఱ బెల్లము శిరసులపై నిలిచెను, తెర తొలఁగెను. నాంచారి చూపు వరునిపైఁ బడలేదు. మడఁతపడుచున్న చిలుకల వెంటఁ బోయెను. "ఇటు చూడవమ్మా తల్లీ" యని పురోహితుఁడు బ్రతిమాలవలసి వచ్చెను. పందిరెల్ల నవ్వెను.

బంధువు లక్షతలు చల్లుచుండఁగాఁ బేరిందేవి తన యక్షతలు పిడికిటఁ బట్టుకొనియే కన్నీరు తుడుచుకొని తూర్పుకడలివైపునకుఁ దిరిగి, పేరైన నెఱుఁగని యా ముసలితల్లికిఁ జేతులు మోడ్చి "ఇది నీ చలువ తల్లీ" యనెను. ఆ మోడ్చిన చేతులనుండి యక్షతలు జాఱి యా దిక్కుననే రాలెను.