తీసుకుపోని వస్తువుల జాబితా

మోహన్‌రాజ్ ఎం.ఎల్.ఎ. అయిన రెండో నెల నుంచి ఒక కాగితం వేయించేవాడు. నెలకొకటి, మొదటి ఆదివారం. ముందు పక్క తమిళం, వెనక పక్క తెలుగు. అసెంబ్లీకి ఏ బిల్లు వచ్చింది, తను ఏం మాట్లాడాడు, ఏ వీధికి నీళ్ల లారీ ఎన్నింటికి వస్తుంది, రేషన్ షాపులో పామాయిల్ ఏ తేదీన ఇస్తారు, ఇవన్నీ అందులో ఉండేవి. తొండియార్‌పేటలో పాల బూత్‌ల దగ్గర, టీ కొట్లలో కట్టలు పెట్టేవారు.

తెలుగు పక్క రాసేది బాలసరస్వతి. కార్పొరేషన్ తెలుగు బడిలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరైంది. మోహన్‌రాజ్ నాలుగో క్లాసు ఆమె దగ్గరే చదివాడు. తమిళంలో ఉన్నదాన్ని తెలుగులో రాసివ్వడం వరకే ఆమె పని. కానీ అచ్చుకు పంపే ముందు ఆమె ప్రతి విషయం మళ్లీ కనుక్కునేది. లారీ ఆరింటికి అని తమిళం పక్క ఉంటే, ఒక రోజు ఆరింటికి వెళ్లి కుళాయి సందు దగ్గర నిలబడేది. లారీ ఆరున్నరకు వస్తే ఆరున్నర అనే రాసేది. దాంతో వీధిలో తమిళులు కూడా తెలుగు పక్క ఏముందో అడిగి తెలుసుకునేవారు.

1997 ఆగస్టు కాగితంలో మొదటి వార్త ఇది.

"వినియోగదారుల కోసం రెండు బిల్లులు తయారుచేశాను. మొదటిది గ్యాస్ గురించి. సిలిండర్ తెచ్చినవారు ఇంటి ముందే తూచి చూపించాలి. రెండోది రసీదుల గురించి. లాండ్రీ, టైలరు, వాచి రిపేరు, ఫోటో స్టూడియో వారు రసీదు వెనక 'తొంభై రోజుల తర్వాత మాకు పూచీ లేదు' అని అచ్చువేస్తున్నారు. బిల్లు చట్టమైతే ఆ మాట చెల్లదు. ఎవరూ తీసుకుపోని వస్తువును ఒక సంవత్సరం ఉంచాలి. పారేసే ముందు పేర్ల జాబితా బయట పెట్టాలి."

శనివారం మోహన్‌రాజ్ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఆ శనివారం వచ్చినవాళ్లలో ఆఖరివాడు వెంకటపతి. హార్బరులో సరుకు ఎత్తే వించ్ నడుపుతాడు. వయసు యాభై రెండు. చేతిలో ఆగస్టు కాగితం ఉంది. అర్జీలు రాసుకుంటున్న బాలసరస్వతి ముందు నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఈ చట్టం ఎప్పుడొస్తాది?"

"చట్టం కాదయ్యా, ఇంకా బిల్లే. నీకేం కావాల?"

"ఫోటో రోలు. టోల్‌గేట్ కాడ స్టూడియోలో ఇచ్చింది మా ఇంట్లో ఆమె. ఆమె పోయింది. రోలు ఈడ లేదంటాడు ఆ సుందరం."

బాలసరస్వతి అతన్ని కూర్చోమని, మొదటి నుంచి చెప్పమంది. అతను చెప్పింది ఆమె ఇలా రాసుకుంది.

భార్య పేరు అమ్మణి. 96 జూన్ వానల్లో ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. పెళ్లి ఫోటో అద్దానికి అంటుకుపోయింది. తీయబోతే చిరిగింది. ఆమెకు ఉన్న ఫోటో అదొక్కటే. మళ్లీ ఒకటి తీయించుకుందామని ఆమె తమ్ముడి కెమెరా అడిగి తెచ్చింది. నవంబరులో తిరువొత్తియూరు గుడికి వెళ్లారు. రోలు అయిపోయాక ఆమే వెళ్లి స్టూడియోలో ఇచ్చింది. ఆ వారంలోనే కామెర్లు వచ్చాయి. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయింది. రసీదు ఆమె పర్సులో ఉంది. పర్సు ఆస్పత్రిలో పోయింది. నెల తర్వాత వెంకటపతి స్టూడియోకు వెళ్లి తన పేరు చెప్పాడు. ఆ పేరుతో కవరు లేదు. అమ్మణి పేరు చెప్పాడు. ఆ పేరుతోనూ లేదు. రోళ్లు కడిగేది కోడంబాక్కం ల్యాబులో అంటే, బీచ్ స్టేషన్‌లో రైలు మారి అక్కడికీ వెళ్లాడు. నంబరు లేనిదే చెప్పలేమన్నారు. అప్పటినుంచి ఎనిమిది నెలలుగా ప్రతి శుక్రవారం స్టూడియోకు వెళ్తున్నాడు.

మోహన్‌రాజ్ పక్క కుర్చీలోంచి విన్నాడు. "కన్స్యూమర్ కోర్టులో వేద్దాం అన్నా. అర్జీ నేనే రాయిస్తా. నష్టపరిహారం వస్తాది."

"నాకు పరిహారం ఎందుకు సార్? ఆమె మొగం కావాల."

"ఓటరు కార్డులో ఉండాలే?"

వెంకటపతి జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఫోటో ఉండాల్సిన చోట నల్లగా ఉంది. జుట్టేదో ముఖమేదో తెలియదు.

"ఇది ఆమేనంటే నేనే నమ్మను సార్."

"నా కార్డూ ఇంతే అన్నా. అందులో దొంగ మాదిరి ఉండాను."

"మాదిరి ఏంది?" అంది బాలసరస్వతి, తలెత్తకుండా.

మోహన్‌రాజ్ నవ్వాడు. వెంకటపతి కూడా నవ్వాడు. తర్వాత కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ గుడి కాడ తీసిన వాటిలో నేను తీసింది ఒకటే ఉండాది. కెమెరా తలకిందులుగా పట్టుకున్నానంట. నన్ను చూసి నవ్వింది. అప్పుడే నొక్కేసినా. అది చాలు నాకు."

అతను వెళ్లాక మోహన్‌రాజ్ ఆగస్టు కాగితం తిరగేశాడు. బిల్లు ఎప్పటికి సభ ముందుకు వస్తుందో తనకూ తెలియదన్నాడు. "టీచరమ్మా, జాబితా పెట్టడానికి చట్టం ఎందుకు? మనమే అంగళ్లకు పోయి అడుగుదాం. ఎవురూ తీసుకుపోని సామాను ఏముండాదో రాసుకొచ్చి కాగితంలో వేద్దాం."

"మనమే అంటే నేనే గదా?"

"ఆమా టీచరమ్మా. మీరే."

రెండు వారాల్లో బాలసరస్వతి పద్నాలుగు అంగళ్లకు వెళ్లింది. స్టూడియోకు ఆఖరున వెళ్లింది. సుందరం తమిళంలో, ఆమె తెలుగులో, ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకున్నారు. ఆ వీధిలో అందరూ అంతే.

"ఆ వించ్ ఆయన పంపించాడా?"

"ఎం.ఎల్.ఎ. పంపినాడు. నీ కాడ తీసుకుపోని కవర్లు ఎన్ని ఉండాయి?"

సుందరం చెప్పుల పెట్టె ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. అందులో పదిహేడు కవర్లు ఉన్నాయి. తొంభై రోజులు దాటినా అతను ఏదీ పారేయలేదు. బాలసరస్వతి ఒక్కొక్కటీ తీసి కవరు మీది పేరు రాసుకుంది. వెంకటపతి లేడు, అమ్మణి లేదు.

"ఇవన్నీ విప్పి చూపిస్తే ఆయనకే తెలిసిపోదా?" అంది.

"ఎట్లా చూపించేది టీచర్? అందులో ఆడపిల్లలుంటారు. పెళ్లికి పంపే ఫోటోలుంటాయి. ఒకరింటి ఫోటోలు ఇంకొకరికి చూపించేవాడి దగ్గర రేపు ఎవరు రోలు ఇస్తారు?"

ఆమె కవర్లు తిరిగి పెట్టెలో సర్దింది. అతని చోట ఉంటే ఆమె అయినా అంతే చేసేది.

సెప్టెంబరు కాగితంలో జాబితా వచ్చింది. నలభై ఒక్క పేర్లు. జాగా చాలక తమిళం పక్క పది మాత్రమే వేశారు. తెలుగు పక్క అన్నీ ఉన్నాయి. వేలు అనే ఆయన, వాచి, పట్టీ లేదు. ఆరతి, జాకెట్లు రెండు. అంతోని, పెళ్లి కోటు, ఏడాదిన్నర నుంచి టైలరు దగ్గర. లక్ష్మీప్రియ, ఫోటోల కవరు. రంగనాథం, గొడుగు.

టీ కొట్టు దగ్గర ఆదివారం పొద్దున ఆ కోటు గురించే మాట.

"కోటు ఆడుంటే పెండ్లి ఎట్లా అయింది అంతోనికి?"

"చొక్కాతోనే అయింటాది పోరా. వదిలిపెట్టి పోయింది కోటునే గదా, పెండ్లాన్ని కాదే."

వెంకటపతి బెంచీ మీద కూర్చుని జాబితా చదువుతున్నాడు. కార్పొరేషన్ బడిలో అయిదో క్లాసు వరకు చదివాడు. వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుతాడు. వేలు లక్ష్మీప్రియ పేరు దగ్గర ఆగింది. టీ తాగకుండా లేచాడు.

అతను స్టూడియోకు వెళ్లలేదు. బాలసరస్వతి ఇంటికి వెళ్లాడు. ఆమె వాకిట్లో పేపరు చదువుతోంది. అతను కాగితం చూపించాడు.

"ఈ పేరు ఎవురు రాసినారు టీచరమ్మా?"

"కవరు మీద ఉండింది. ఏం, నీకు తెలిసిన పిల్లా?"

అతను మెట్టు మీద కూర్చున్నాడు.

"మా పాప."

బాలసరస్వతికి తెలిసినంతవరకు వాళ్లకు పిల్లలు లేరు. ఆమె పేపరు మడిచి పక్కన పెట్టింది. అతనే చెప్పాడు. పెళ్లైన మూడో ఏడు, 1975లో, ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు చెవిలో ఆ పేరు చెప్పారు. పంతొమ్మిదో రోజు పోయింది. అప్పుడు వాళ్లు మాధవరంలో ఉండేవారు. ఆ తర్వాత తొండియార్‌పేట వచ్చారు. ఇక్కడ ఆ పేరు ఎవరికీ తెలియదు. అమ్మణి పోయేదాకా, ఇరవై ఒక్కేళ్లు, ఇంట్లో ఇద్దరూ ఆ పేరు అనలేదు.

"రోలు ఆ పేరు మీద ఎందుకిస్తుంది? తన పేరే చెప్పుండొచ్చు గదా," అంది బాలసరస్వతి.

"మా ఇండ్లల్లో చీటీ ఏదైనా మగోని పేరు మీదనే టీచరమ్మా. నా పేరు ఆమె నోట పలకదు. రేషన్ షాపులోగానీ, కరెంటాఫీసులోగానీ పక్కనుండే ఆమెతో చెప్పిస్తాది. ఇరవై అయిదేండ్లు అట్లనే. ఆ దినం పక్కన ఎవురూ లేకపోయుంటారు." కాగితం మళ్లీ చూశాడు. "అది ఇంకొకరి పిల్ల కూడా అయ్యుండొచ్చు. ఈ పేరు ఊర్లో ఎంతమందికి లేదు? నేను ఒకణ్ణే పోయి అడిగితే వాడు ఏమనుకుంటాడు. మీరు రండి."

ఆమె చెప్పులేసుకుంది.

సుందరం కవరు చేతిలోకి తీసుకున్నాడు. ఇవ్వలేదు. బాలసరస్వతి అతనితో అంది. "లోపల ఏముండాదో ఆయన ముందు చెప్తాడు. ఆనక నువ్వొకడివే విప్పి చూడు. సరిపోతే ఇయ్యి."

వెంకటపతి చెప్పాడు. తిరువొత్తియూరు గుడి గోడ. ఆమె చేతిలో పసుపు గుడ్డ సంచి. తను యూనిఫాం చొక్కాలో ఉన్నాడు, డ్యూటీ నుంచి అట్లాగే వెళ్లాడు. "ఒక్క ఫోటో మాత్రం తక్కినవాటికి తలకిందులుగా ఉంటాది."

సుందరం వెనక్కి తిరిగి కవరు విప్పాడు. ఒక్కొక్కటే చూశాడు. ఒక చోట ఆగి, చేతిలో ఉన్నదాన్ని తిప్పి చూశాడు. మళ్లీ అన్నీ కవరులో పెట్టి రెండు చేతులతో ఇచ్చాడు.

"క్షమించండి అన్నా," అన్నాడు. తర్వాత, "ఇప్పుడు గుర్తొస్తోంది. పేరు అడిగితే ఆమె చాలాసేపు నిలబడింది. వెనక ఇద్దరు కస్టమర్లున్నారు. ఎవరి పేరైనా చెప్పమ్మా అన్నాను. మా కూతురి పేరు రాసుకో అంది."

"కూతురు అనిందా?"

"ఆమా. మా కూతురు అంది. ఏం చదువుతోందమ్మా అని అడిగాను, ఊరికే."

"ఏమనింది?"

"ఏమీ అనలేదు. రసీదు తీసుకుని వెళ్లింది."

వెంకటపతి కవరు విప్పలేదు. బెంచీ మీద కూర్చుని, ఒళ్లో పెట్టుకుని, దాని మీద రాసిన పేరు చూస్తూ ఉన్నాడు. సుందరం బాల్‌పెన్‌తో తమిళంలో రాసిన పేరు. కొంతసేపటికి ఫోటోలు తీశాడు. తలకిందులుగా ఉన్నదాన్ని తిప్పాడు. అందులో అమ్మణి నోటికి చేయి అడ్డం పెట్టుకోబోతోంది. చేయి ఇంకా అక్కడికి చేరలేదు. ఆమె కెమెరా వైపు చూస్తోంది.

"ఆ దినం పక్కన ఎవురూ లేరనుకున్నా గదా," అన్నాడు. ఎవరితో అన్నాడో బాలసరస్వతికి తెలియలేదు. ఆమె వీధి వైపు తిరిగి నిలబడింది.

సెప్టెంబరు ఆఖరున రెండు బిల్లులూ సభ ముందుకు వచ్చాయి. కేంద్రం చట్టం ఉందని, మళ్లీ ఇంకొకటి అక్కర్లేదని, పరిశీలిస్తామని మంత్రి అన్నాడు. వెనక్కి తీసుకోమని కోరాడు. మోహన్‌రాజ్ తీసుకున్నాడు. అక్టోబరు కాగితంలో ఆ సంగతి ఇరవై లైన్లు రాశాడు.

బాలసరస్వతి జాబితా మళ్లీ రాస్తోంది. నలభై ఒక్కటిలో పంతొమ్మిది వస్తువులు సొంతదారులకు చేరాయి. అంతోని కోటు చేరలేదు. శనివారం వెంకటపతి వచ్చాడు. అర్జీ ఏమీ లేదు.

"ఆ పేరు కొట్టేస్తారా టీచరమ్మా?"

"తీసుకుపోయినావు గదా. ఇంకా ఉంచితే అబద్ధమవుతాది."

"సరి," అన్నాడు. కానీ వెళ్లలేదు.

"పాప బర్త్ సర్టిఫికెట్టు ఉండాదా?" అని ఆమె అడిగింది.

"ఉండాది. పేరు పెట్టకముందు ఆస్పత్రిలో రాసింది. ఆడ శిశువు అని. ఆనక పేరు చేర్పించను ఎవురు పోయినారు?" కాగితం వైపు చూశాడు. "అచ్చులో ఆ పేరు నేను చూసింది ఈడనే."

ఆమె మొదటి జాబితాలో ఆ పేరు కొట్టేసింది. అతను వెళ్లాక కొత్త కాగితం తీసి రెండో జాబితా మొదలుపెట్టింది. చేరిన వస్తువులు, ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు.

ప్రూఫు చూసి మోహన్‌రాజ్ తల గోక్కున్నాడు. "ఇంత వివరం ఎందుకు టీచరమ్మా? జాగా ఏది?"

"నీ బిల్లు వార్తలో ఎనిమిది లైన్లు తీసేసినా."

అతను మళ్లీ చదివాడు. పదకొండో వరుస దగ్గర ఆగాడు. ప్రూఫు మీద సంతకం పెట్టి ఇచ్చేశాడు.

అక్టోబరు కాగితం తెలుగు పక్క, రెండో జాబితా, పదకొండో వరుసలో ఇలా ఉంది.

"లక్ష్మీప్రియ. ఫోటోల కవరు. ఇచ్చినది: తల్లి, అమ్మణి. తీసుకున్నది: తండ్రి, వెంకటపతి."